నేను తలుపు తీయని క్రిస్మస్

మన తెలుగు సహవాసానికి శనివారాలు ఆరాధన చేసుకోవడానికి ఒక పాత చర్చి ఇచ్చారని విన్నాను. తాళాలు మీలో నలుగురు వంతులవారీగా పెట్టుకుంటున్నారట. "ఆంటీ, మీరు ఇరవై రెండేళ్ళు అదే పని చేశారు కదా, ఏమేం చూసుకోవాలో లిస్టు రాసి పంపండి" అని అడిగారు. లిస్టు అయితే చర్చి ఆఫీసులో అచ్చువేసిందే ఉంటుంది. హీటింగు ఎన్ని గంటల ముందు వేయాలో, మెట్ల మీద మంచుకు ఉప్పు ఎప్పుడు చల్లాలో అన్నీ అందులో ఉంటాయి. నేను రాయదలచుకున్నది అందులో లేని సంగతి. ఆ ఇరవై రెండేళ్ళూ నేను భయపడుతూనే పని చేశాను. ఆ భయం గురించి రాస్తాను.

లిండ్నర్ గారి దగ్గర

మావారు ప్రభాకర్‌కి ఫ్రైబర్గ్‌లో సిలికాన్ పలకలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. మేము ఉన్నది అక్కడికి బస్సులో అరగంట దూరంలోని చిన్న ఊరు. నరసరావుపేటలో నేను హైస్కూలు టీచర్ని. ఇక్కడ నా డిగ్రీలు ఎవరికీ అక్కర్లేదు. నాకొచ్చిన జర్మన్ భాష రొట్టెల దుకాణం దాకా పనికొచ్చేది. ఊళ్ళో లూథరన్ చర్చి క్యూస్టర్ రిటైరవుతున్నాడనీ, మనిషి కావాలనీ నోటీసు బోర్డులో చూసి వెళ్ళి అడిగాను.

క్యూస్టర్ అంటే చర్చిని కనిపెట్టుకుని ఉండే మనిషి. తలుపులు తీయాలి, వేయాలి, ఊడవాలి. గంటలు మోగించాలి. పాటల నంబర్లు పలక మీద పెట్టాలి. బాప్తిస్మం ఉన్న రోజు పసిబిడ్డ నెత్తిన పోసే నీళ్ళు గోరువెచ్చగా కాచి ఉంచాలి. అన్నీ సవ్యంగా జరిగితే మనం అక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

రిటైరవుతున్న లిండ్నర్ గారు మూడు నెలలు నాకు పని నేర్పారు. మాట తక్కువ మనిషి. తాళం వేసే ముందు ఆయన చేసే పని చూసి మొదట్లో నాకు నవ్వొచ్చేది. ప్రతి బెంచీ వరుసలోకీ తొంగిచూసేవారు. రెండు అంతస్తుల గ్యాలరీలూ ఎక్కి దిగేవారు. చివరికి బలిపీఠం ముందు నిలబడి, ఖాళీ చర్చిలో, గొంతెత్తి అరిచేవారు: "ఇంకా ఎవరైనా ఉన్నారా?" తరువాత పరలోక ప్రార్థన ఒకసారి చెప్పుకునేంత సేపు కదలకుండా నిలబడేవారు. అప్పుడు తాళం.

"ఎవరూ లేరని కనబడుతూనే ఉంది కదా, ఎందుకు అరవడం?" అని అడిగాను ఒకసారి.

"కనబడేవాళ్ళ కోసం కాదు" అన్నారాయన.

పేర్ల జాబితాలు

మొదటి ఏడాది చాలా సిగ్గుపడ్డాను. ఇంటికి ఫోన్ చేస్తే చర్చిలో పని అనేదాన్ని. ఊడుస్తానని చెప్పేదాన్ని కాదు. ఒక సాయంత్రం మావారికి చెప్పుకుని ఏడిస్తే, "ఏందే నువ్వు, లేవీయుల పని చేస్తా ఏడుస్తావేంది? మీ నాయన ఉంటే ఎగిరి గంతేసేవాడు" అన్నాడు.

మా నాన్న సంఘంలో వాక్యం చదివేవాడు. అందరూ దాటేసే పేర్ల జాబితాలు కూడా ఒక్క పేరు వదలకుండా చదివేవాడు. చిన్నప్పుడు ఆవలింతలు వచ్చేవి. మావారి మాట విన్నాక ఆ భాగాలు తీసి మళ్ళీ చదివాను. మందిరం పనికి ఏర్పడిన లేవీయుల గోత్రమంటే మనకు పాటలు పాడినవాళ్ళూ, యాజకుల పక్కన నిలబడినవాళ్ళూ గుర్తొస్తారు. తక్కినవాళ్ళు ఎంతమందో! షల్లూము, అక్కూబు, టల్మోను అని ద్వారపాలకులున్నారు. దేవుని మందిరం చుట్టూనే కాపలా పడుకుని, పొద్దున్నే తలుపులు తీయడం వాళ్ళ వంతు. పాత్రలు లోపలికి ఎన్ని వెళ్ళాయో బయటికి అన్ని వచ్చాయా అని చూసేవాళ్ళున్నారు. పిండి, నూనె, సాంబ్రాణి చూసుకునేవాళ్ళున్నారు. మత్తిత్యా అనే ఆయన పని పెనం మీద రొట్టెలు కాల్చడం. అంతే. ఆయన గురించి ఇంకో ముక్క లేదు.

అంతకుముందు, అరణ్యంలో గుడారం మోసుకు తిరిగిన రోజుల్లో, కహాతు వంశంవాళ్ళు పరిశుద్ధ వస్తువుల్ని భుజాల మీద మోసేవాళ్ళు. మోయాలి, కానీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చస్తారు. తరాల తరబడి ఆ పని చేసినవాళ్ళ భుజాలు ఎలా ఉండేవో, కాలు తడబడితే గుండె ఎలా ఉండేదో ఎక్కడా రాసిలేదు. అప్పట్లో నాకు అది కథలాగే అనిపించింది. నాలుగో ఏడు నవంబరు దాకా.

పిలవని రోజు

అది శుక్రవారం. ఆర్గాన్ వాయించే ఆయన సాధన ముగించుకుని వెళ్ళిపోయాడు. మా అమ్మాయి లిడియాను కీటా నుంచి, అంటే చిన్నపిల్లల బడి నుంచి, తెచ్చుకోవాలి. ఐదింటికి మూసేస్తారు, ఐదు దాటితే ఆ టీచరు ముఖం చూడలేం. పది నిమిషాలే ఉన్నాయి. బెంచీల వైపు ఒకసారి చూశాను. గ్యాలరీ ఎక్కలేదు. పిలవలేదు. తాళం వేసి పరుగెత్తాను.

మరునాడు పొద్దున పూలు పెట్టడానికి తలుపు తీస్తే, గ్యాలరీ మెట్ల కింద ఎర్రటి మూట ఒకటి కనిపించింది. బలిపీఠం ముందు పరిచే తివాచీ. దానిలో చుట్టుకుని ఫ్రావ్ జైడెల్ కూర్చుని ఉంది.

ఫ్రావ్ అంటే ఇక్కడ శ్రీమతి. ఫ్రావ్ జైడెల్‌కి అప్పటికి ఎనభై దగ్గర. భర్త పోయాక శుక్రవారాలు వచ్చి పైగ్యాలరీలో స్తంభం వెనక కూర్చుని ఆర్గాన్ వినేది. ఆ రోజు కునుకు పట్టింది. లేచేసరికి చీకటి. దీపాల స్విచ్చులు తాళం వేసిన గదిలో. దగ్గర ఫోన్ లేదు. తడుముకుంటూ దిగి చివరి మెట్ల మీద పడింది. మణికట్టు విరిగింది. పెదాలు నీలంగా ఉన్నాయి. నేను కేక వేసి ఆమె ముందు కూలబడ్డాను. ఆమె నన్ను చూసి, పళ్ళు కొట్టుకుంటుండగా, చాలా మర్యాదగా, నా ఇంటిపేరుతో పిలిచి అంది:

"నిన్న మీరు పిలవలేదు, ఫ్రావ్ మద్దిరాల."

ముప్పై ఏళ్ళు లిండ్నర్ గారి కేక విని లేచి ఇంటికి వెళ్ళడం ఆమెకు అలవాటు. ఆ పిలుపు ఆమె కోసమేనని నాకెవరూ చెప్పలేదు. కారణం తెలిసినా తెలియకపోయినా పిలవాలన్నది మాత్రం లిండ్నర్ గారు నేర్పారు.

ఆమె రెండు వారాలు ఆసుపత్రిలో ఉంది. సంఘ పెద్దలతో "తప్పు నాదే, నిద్రపోయాను" అని చెప్పింది. నేను వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పుకున్నాను. పని తీసేయలేదు. మీకు నా సలహా ఇదే: తప్పు జరిగితే ఇంకొకరు కప్పిపుచ్చేలోగా మీరే చెప్పండి. తరువాత చెప్పుకోవడం ఇంకా కష్టం.

అప్పటి నుంచీ పిలవకుండా ఒక్కసారీ తాళం తిప్పలేదు. ఇంటి దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి తీసి చూసిన రోజులు చాలా ఉన్నాయి. లిడియా విసుక్కునేది. "మామా, ష్లుస్ యెట్స్ట్! దా ఇస్ట్ నీమాండ్!" చాలించమ్మా, అక్కడెవరూ లేరు, అని. అది అలా అన్నప్పుడల్లా ఎవరో ఉన్నారనే అనిపించేది.

తెల్ల పొడి

తొమ్మిదేళ్ళు గడిచాయి. అప్పటికి పాస్టరు హార్ట్‌విగ్ గారు. యాభై ఏళ్ళ మనిషి, నాలుగు ఊళ్ళ చర్చిలు ఒక్కడే చూసేవాడు. ఎప్పుడూ కారులోనే ఉండేవాడు. మంచివాడు. కాగితం మీద ఉన్నదాన్ని నమ్మేవాడు.

ఆ ఏడు డిసెంబరు మొదటి వారంలో ఉత్తరం వైపు బెంచీల మీద సన్నటి తెల్ల పొడి కనిపించింది. తుడిచాను. మరునాడు అక్కడే మళ్ళీ ఉంది. ఊడ్చేవాళ్ళకు దుమ్ము సంగతి తెలుస్తుంది. బయటి నుంచి వచ్చే దుమ్ము అంతటా పడుతుంది. ఇది నాలుగు బెంచీల మీదే పడుతోంది. నల్లగుడ్డ ఒకటి తెచ్చి అక్కడ పరిచాను. ఆర్గాన్ సాధన అయిన రోజు గుడ్డ మీద పొడి ఎక్కువగా ఉండేది. తల ఎత్తి చూస్తే పైకప్పు ఎప్పటిలాగే తెల్లగా, చదునుగా, నిశ్చింతగా ఉంది.

పాస్టరు గారికి చూపించాను. ఆయన కట్టడాల ఆఫీసుకు ఫోన్ చేశారు. "పాత సున్నం, హీటింగు వేస్తే రాలుతుంది అంటున్నారు. అయినా ఇంజనీరు వచ్చి చూస్తాడు. జనవరిలో టెర్మిన్ దొరికింది" అన్నారు. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికిందన్న మాట ఈ దేశంలో అందరికీ ఊరట. నాక్కూడా రెండు రోజులు నిద్ర పట్టింది. ఆ నాలుగు బెంచీలకు తాడు కట్టించారు.

ఇరవై మూడో తేదీన గుడ్డ మీద అరచేతంత పెచ్చు పడి ఉంది.

రాజమల్లు గారు

మరునాడు క్రిస్మస్ ముందురోజు. సాయంత్రం నాలుగింటికి ఆరాధన. ఏడాదంతా రానివాళ్ళు కూడా ఆ ఒక్క గంటకు వస్తారు. గ్యాలరీల్లో కూడా చోటు ఉండదు. ఊరి పిల్లలంతా యేసు పుట్టుక నాటకం వేస్తారు.

ఆ రోజు మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి ఇద్దరిని పిలిచాను. శ్రావణి ఫ్రైబర్గ్‌లో గనుల ఇంజనీరింగ్ చదివి అక్కడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి. ఆమె తండ్రి రాజమల్లు గారు గోదావరిఖని నుంచి కూతుర్ని చూడడానికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళు బొగ్గు బాయిలో దిగి పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ళు హిందువులు. చర్చి లోపల ఎలా ఉంటుందో చూస్తానంటే భోజనానికి ముందు తీసుకెళ్ళాను.

ఆయన బొమ్మలు చూడలేదు, క్రిస్మస్ చెట్టు చూడలేదు. తాడు కట్టిన బెంచీలు చూశాడు. నల్లగుడ్డ చూశాడు. తల పైకెత్తాడు.

"గిదేందమ్మా?"

చెప్పాను. ఆయన చుట్టూ చూసి, కొవ్వొత్తులు ఆర్పడానికి నేను వాడే పొడవాటి కర్ర తీసుకున్నాడు. "పైకి పోవచ్చునా?" అన్నాడు. పైగ్యాలరీ నుంచి పైకప్పు ఆ కర్రకు అందుతుంది. ఎక్కాం. ఆయన ఒక చెయ్యి గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని, కర్ర కొనతో కప్పును మెల్లగా కొట్టాడు. టక్, టక్ అని గట్టి చప్పుడు. రెండడుగులు జరిగి కొట్టాడు. మళ్ళీ అదే చప్పుడు. తాడు కట్టిన చోటికి చాలా ముందే చప్పుడు మారింది. లోపల ఏమీ లేని పెట్టెను కొట్టినట్టు డొల్లగా మోగింది. ఆయన కర్ర దించేశాడు. మళ్ళీ కొట్టలేదు.

"శ్రావణీ, కిందికి నడు. అమ్మా, నువ్వు గూడ నడువు."

బయటికి వచ్చాక అన్నాడు. "తాడు కట్టిన కాడనే కాదు. నడిమిట్ల దాంక డొల్లనే ఉన్నది. మా బాయిల కప్పు గిట్ల మోగితే ఒక్కలం నిలవడకపోతుంటిమి. ఇంజనీరు వచ్చెదాంక ఆగకపోతుంటిమి."

"బాపూ, అది బొగ్గు, ఇది సున్నం కదా" అంది శ్రావణి.

"ఏదైతేంది బిడ్డా. కిందున్నది మనుషులే గద."

నేను పాస్టరుకు ఫోన్ చేశాను. పక్క ఊళ్ళో ఆరాధనలో ఉన్నాడు. ఎత్తలేదు. సందేశం పెట్టాను. ఇంట్లో వాళ్ళకు అన్నం వడ్డించి నేను ఫోన్ పక్కన కూర్చున్నాను. నా దగ్గర ఏముంది? నల్లగుడ్డ, ఒక పెచ్చు, భాష రాని ఒక ముసలాయన విన్న చప్పుడు. ఆయన పొరబడితే? ఊరంతటి క్రిస్మస్ పాడుచేసిన పరాయిదాన్ని అవుతాను. పొరబడకపోతే? ఆ ఆలోచన దగ్గర ఆగిపోయేదాన్ని, ముందుకు వెళ్ళలేకపోయేదాన్ని.

"ఏం చేద్దామనుకుంటన్నావ్?" అన్నాడు మావారు.

"తలుపు తీయను."

ఆయన కంచం పక్కకు జరిపాడు. "పని పోద్దేమో."

"పోనీండి."

"అయితే పద. నేనూ వస్తా" అని కోటు వేసుకున్నాడు.

తలుపు ముందు

మూడుంపావుకే జనం మొదలయ్యారు. సన్నగా మంచు, వాన కలిసి పడుతున్నాయి. ఇత్తడి బాకాలు ఊదేవాళ్ళు వచ్చారు. దేవదూతల రెక్కలు కట్టుకున్న పిల్లలు కోట్లలో బిగుసుకుపోయి నిలబడ్డారు. నేను మూసిన తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పాను: "పైకప్పు బాగాలేదు. పాస్టరు గారు రానివ్వండి." కొందరు నవ్వారు. ఒకాయన "ఈ కప్పు యుద్ధాన్నే తట్టుకుంది" అన్నాడు.

ఫ్రావ్ జైడెల్‌ను ఆమె కూతురు చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. అప్పటికి ఆమెకు తొంభై దగ్గర. మోకాళ్ళ మీద దుప్పటి. కూతురు నన్ను చూసి మండిపడింది.

"ఒకసారి మా అమ్మను లోపల పెట్టి తాళం వేశావు. ఇప్పుడు బయట పెట్టి వేశావా?"

ఫ్రావ్ జైడెల్ నా వైపు ఒకసారి చూసి దుప్పటి పైకి లాక్కుంది. ఆమె కూడా తిట్టి ఉంటే బాగుండేది.

మూడున్నరకు పాస్టరు గారు కారు దిగి పరుగున వచ్చారు. నన్ను పక్కకు తీసుకెళ్ళారు. చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఎవరు పరీక్షించారు?"

"గనిలో పనిచేసిన ఆయన. మా దేశం నుంచి వచ్చారు."

"ఆయన ఇంజనీరా?"

"కాదు."

"ఏదైనా కాగితం ఉందా మీ దగ్గర? నాకు ఆఫీసు నుంచి ఉత్తరం ఉంది. తొందరలేదని అందులో ఉంది. మూడు వందల మంది ఉన్నారు ఇక్కడ, ఫ్రావ్ మద్దిరాల. పిల్లలు వణుకుతున్నారు."

"నా దగ్గర ఏ కాగితమూ లేదు. భయం ఉంది. చాలా భయంగా ఉంది." దగ్గర నిలబడినవాళ్ళు మా వైపు తిరిగారు. "తాళం మీ దగ్గర కూడా ఉంది. తీయాలంటే మీరు తీయండి. నేను మాత్రం తీయను."

ఆయన జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. తలుపు దాకా నడిచాడు. మావారు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. బాకాలవాళ్ళు మాటలు ఆపేశారు. పాస్టరు గారు తాళంచెవిని రంధ్రం దగ్గర పెట్టి అలాగే నిలబడిపోయాడు. ఎంతసేపో చెప్పలేను. తరువాత దాన్ని మళ్ళీ జేబులో వేసుకుని, జనం వైపు తిరిగి, "ఈసారి గొర్రెల కాపరులలాగే బయట ఉందాం" అన్నాడు.

ఆవరణలోనే ఆరాధన జరిగింది. బాకాలు ఊదారు. మరియమ్మ వేషం వేసిన పాప బొమ్మను తన కోటు లోపల దాచుకుంది. సగం మంది మధ్యలోనే వెళ్ళిపోయారు. కప్పు ఆ రోజు పడలేదు. మరునాడూ పడలేదు. ఇంజనీరు వచ్చేదాకా తలుపు వేసే ఉంచాం. ప్రతి ఉదయం బయట నిలబడి కిటికీలోంచి తొంగిచూసేదాన్ని. పడలేదని ఊపిరి పీల్చుకునేదాన్ని. వెంటనే, పడి ఉంటే నన్నెవరూ తిట్టేవాళ్ళు కాదు కదా అని ఒక పాడు ఆలోచన వచ్చేది. దానికి నన్ను నేనే అసహ్యించుకున్నాను.

తరువాత

జనవరిలో ఇంజనీరు వచ్చాడు. అటక మీదికి ఎక్కి రెండు గంటల తరువాత దిగాడు. కప్పును పట్టి ఉంచే సన్న చెక్కపట్టీల మేకులు చాలావరకు తుప్పు పట్టి ఊడాయనీ, కప్పు సగం దాకా దాని బరువు మీద అదే నిలబడి ఉందనీ చెప్పాడు. ఆ రోజే చర్చిని అధికారికంగా మూసేశారు. బాగుచేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

"క్రిస్మస్ రోజు పడేదా?" అని అడిగాను.

"ఆర్గాన్ మొదలైన నిమిషంలో పడేదేమో. ఇంకో పదేళ్ళు ఉండేదేమో. ఎవరూ చెప్పలేరు" అన్నాడాయన.

ఈ జవాబు మీకు నచ్చదని తెలుసు. నాకూ నచ్చలేదు. అయినా ఈ పనిలో దొరికేది చాలాసార్లు ఇలాంటి జవాబే. జరగనిదాన్ని రుజువు చేయలేం.

ఫ్రావ్ జైడెల్ ఫిబ్రవరిలో పోయింది. చర్చి మూసి ఉంది కనుక శ్మశానంలోని చిన్న మందిరంలో అంత్యక్రియలు చేశారు. నేను చెయ్యి చాస్తే ఆమె కూతురు అందుకోలేదు. "అమ్మ ఆఖరి క్రిస్మస్ అది" అంది. ఆమె అన్నది నిజమే. ఇంజనీరు చెప్పింది ఎంత నిజమో ఇదీ అంతే నిజం. ఆ రెంటినీ మోసుకునే బతుకుతున్నాను. గోదావరిఖనికి ఫోన్ చేసి ఇంజనీరు మాట చెబితే, రాజమల్లు గారు "మంచిగైందమ్మా" అని మాత్రం అని, మా ఇంట్లో తిన్న గోంగూర గురించి మాట్లాడాడు.

హార్ట్‌విగ్ గారు మూడేళ్ళ తరువాత వేరే జిల్లాకు మారారు. వెళ్ళే వారం సామాను సర్దుకుంటూ, చర్చి పాత్రలు భద్రపరిచే గదిలో నాతో కాఫీ తాగారు. ఉన్నట్టుండి అన్నారు:

"ఆ రోజు నేను తలుపు తీయకపోవడం మీ మాట విని అనుకుంటున్నారు కదా?"

"కాదా?"

"ఆ డిసెంబరంతా ప్రసంగం చేస్తుంటే పైన టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ప్రతి ఆదివారం. గొంతు పెంచి మాట్లాడేవాణ్ణి, వినబడకుండా. ఆఫీసు ఉత్తరం వచ్చాక దాన్ని రోజూ చదువుకునేవాణ్ణి." ఆయన కాఫీ కప్పు వైపు చూస్తూ మాట్లాడుతున్నారు, నా వైపు కాదు. "భయంగా ఉందని మీరు అన్నారే, నలుగురి ముందు... నాకు ఆ మాట నోట రాలేదు. మూడు వందల మందిని లోపలికి పంపడానికి సిద్ధపడ్డాను కానీ, ఆ మాట అనడానికి సిద్ధపడలేకపోయాను."

ఆయన తన కాఫీ కప్పు తనే కడిగి బోర్లించి వెళ్ళాడు. చదువు, అధికారం, ప్రార్థన అన్నీ ఉన్న మనిషికి కూడా నాకున్న భయమే ఉందని ఆ రోజు తెలిసింది. తెలిసినందుకు ధైర్యం రాలేదు. ఆ రోజు తలుపు దగ్గర మా ఇద్దరిలో ఎవరూ ఆ మాట పైకి అనకపోయి ఉంటే ఏమయ్యేదోనని ఒళ్ళు జలదరించింది.